బాగ్-ఎ-ఆమ్: మనందరి తోట (నాటి జ్ఞాపకాలు, కొంత చరిత్ర)

ఈ సంవత్సరం సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయమని సొసైటీ పెద్దలు నన్ను కోరారు. కోటల గురించి, నవాబుల గురించి వ్రాయగల పండితులు మనలో చాలామంది ఉన్నారు. నేను వట్టి బడిపంతులును. అందుకని మనమంతా ఎరిగిన ఒక చోటు గురించి, మన పిల్లలు రోజూ బస్సులోనో మెట్రోలోనో దాని పక్కనుంచే పోతూ కూడా సరిగా ఎరుగని ఒక తోట గురించి వ్రాస్తున్నాను. అదే నాంపల్లిలోని బాగ్-ఎ-ఆమ్. ఈనాటి వాడుకలో పబ్లిక్ గార్డెన్.

నేను పనిచేసేది ఉర్దూ మీడియం బడిలో. ఒకనాడు ఏడవ తరగతి పిల్లలను, "బాగ్-ఎ-ఆమ్ అంటే ఏమిటర్రా?" అని అడిగాను. బోర్డు మీద వ్రాయలేదు, నోటితోనే అడిగాను. సగంమంది "మామిడి తోట" అన్నారు. ఒక అమ్మాయి మాత్రం లేచి నిలబడి, "సర్, మగర్ వహాఁ ఆమ్ కే ఝాడాఁ కాఁ హై?" అంది. అంటే అక్కడ మామిడి చెట్లు ఎక్కడున్నాయి అని. మంచి ప్రశ్నే అడిగింది.

పిల్లల తప్పేమీ లేదు. చెవికి రెండు మాటలూ ఒకటే. వ్రాతలో మాత్రం వేరు. మామిడి పండు 'ఆమ్' అలిఫ్‌తో మొదలవుతుంది. తోట పేరులోని 'ఆమ్' ఐన్‌తో మొదలవుతుంది. దాని అర్థం సామాన్యం, అందరిదీ అని. దీవాన్-ఎ-ఆమ్ అంటే అందరూ వచ్చి ఫిర్యాదు చెప్పుకునే దర్బారు. దీవాన్-ఎ-ఖాస్ అంటే కొందరికే. పాత బస్తీలో కొన్ని గోడల మీద "యే ఆమ్ రాస్తా నహీఁ" అని వ్రాసి ఉండేది, ఇది అందరూ నడిచే దారి కాదు, మా సొంతం అని దాని భావం. బాగ్-ఎ-ఆమ్ దానికి సరిగ్గా ఎదురు. ఇది అందరూ నడిచే తోట. ఒక్క అక్షరం తెలియకపోతే ఇంత అర్థం పోతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

బాగ్‌ల ఊరు

మన హైదరాబాదులో బాగ్‌లకు కొదువ లేదు. బషీర్‌బాగ్, జాంబాగ్, మూసారాంబాగ్, బాగ్‌లింగంపల్లి, ఇలా చెప్పుకుంటూ పోతే చాలా పేర్లు వస్తాయి. పదిహేడవ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఈ నగరాన్ని 'బాగ్‌నగర్' అనే పేరుతోనే వ్రాశాడు. అది తోటలను బట్టి వచ్చిన పేరా, భాగ్‌మతిని బట్టి వచ్చిన పేరా అనే వాదం పండితులకు వదిలిపెడదాం. తోటలు ఉన్నమాట మాత్రం నిజం.

అయితే ఆ తోటలు ఎవరివి? బషీర్‌బాగ్ పాయిగా అమీరు సర్ ఆస్మాన్ జాహ్ గారిది. ఆయనకు గల బషీరుద్దౌలా అనే బిరుదు నుంచే ఆ పేరు వచ్చింది. మూసారాంబాగ్ పేరు రెండవ నిజాం కొలువులో ఉండి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ది. హిందువులు ఆయనను మూసారాం అన్నారట, ముసల్మానులు మూసా రహీమ్ అన్నారట. ఎవరికి నచ్చిన దేవుణ్ణి వారు ఆ పరదేశి పేరుకు తగిలించారు! ఇలా పెద్ద తోటలు పెద్దల పేర్లతో ఉంటే, ఈ ఒక్క తోట పేరులోనే మనలాంటి వాళ్ళం ఉన్నాం. దీని మొదలు 1846లో అని పుస్తకాలు చెబుతాయి. పేరులో నవాబు లేడు, దొర లేడు. 'ఆమ్' ఉన్నాడు.

మా ఇల్లు, ఆ తోట

నా చిన్నతనం మల్లేపల్లిలో ఒక సన్నని గల్లీలో గడిచింది. నేను చెప్పేది 1986 నుంచి 1995 వరకు, అంటే నా ఆరేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా సంగతి. రెండు గదుల కిరాయి ఇల్లు. మేము అయిదుగురు పిల్లలం, అబ్బా, అమ్మీ, దాదీ. వాకిలి అంటూ లేదు. తలుపు తీస్తే గల్లీ, గల్లీలో మోరీ, మోరీ అవతల ఇంకొకరి తలుపు. పైకప్పు ఇంటిగలవారిది, దాని మీదికి పోనిచ్చేవారు కాదు. అబ్బా ఒక ప్రెస్సులో బైండింగు పని చేసేవారు. ఆదివారం సెలవు. నెలకు రెండు ఆదివారాలైనా మమ్మల్ని వెంటేసుకొని ఆగాపురా మీదుగా నడిపించుకుంటూ బాగ్-ఎ-ఆమ్‌కు తీసుకపోయేవారు. రిక్షా అంటే డబ్బులు. పోయేటప్పుడు నడక మాకు బరువు అనిపించేది కాదు. వచ్చేటప్పుడు చిన్న చెల్లె అబ్బా భుజం మీద నిద్రపోయేది, మిగిలినవాళ్ళం కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవాళ్ళం.

పండుగ మరునాడు, మనవాళ్ళు బాసీ ఈద్ అంటారే, ఆ రోజు తప్పనిసరి. పండుగ నాటి బట్టలు ఇంకా నలగవు, జేబులో ఈదీ డబ్బులు ఇంకా అయిపోవు. అమ్మీ పెద్ద టిఫిన్ డబ్బాలో బగారా అన్నం, దాల్చా సర్దేది. దస్తర్ఖాన్ గుడ్డ చంకలో పెట్టుకునేది. తోటలో ఒక చెట్టు నీడ చూసుకొని గుడ్డ పరిచేవాళ్ళం. చుట్టూ మాలాంటి కుటుంబాలే. ఆసిఫ్‌నగర్ వాళ్ళు, మురాద్‌నగర్ వాళ్ళు, యూసుఫైన్ దర్గాకు వచ్చి అటునుంచి అటే వచ్చినవాళ్ళు. ఒక దస్తర్ఖాన్ నుంచి ఇంకో దస్తర్ఖాన్‌కు గిన్నెలు నడిచేవి. జామకాయలు కోసి ఉప్పూ కారం చల్లి అమ్మేవాడు, పల్లీల బండివాడు, బరఫ్ గోలావాడు మా వెంటబడేవారు, లేకపోతే మేమే వాళ్ళ వెంటబడేవాళ్ళం.

ఇక్కడ మా అమ్మీ గురించి ఒక మాట చెప్పాలి. ఇంట్లో ఆమె లోకం ఆ రెండు గదులు, నల్లా, పొయ్యి. బజారుకు పోవాలన్నా అబ్బానో పెద్దన్నో వెంట ఉండాల్సిందే. తోటలో మాత్రం గడ్డి మీద కాళ్ళు చాపుకొని కూర్చునేది. ముసుగు పైకి ఎత్తుకునేది. తెలియని ఆడవాళ్ళతో మాటలు కలిపేది. సంబంధాల కబుర్లు, మందుల కబుర్లు, ఏ దుకాణంలో బియ్యం బాగుంటుందో, ఏ ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచిగ చూస్తుందో, అన్నీ అక్కడే తెలిసేవి. మా పెద్దక్క సంబంధం కూడా అలా ఒక బాసీ ఈద్ నాడు దస్తర్ఖాన్ మీదనే మొదలయింది. మగవాళ్ళకు చాయ్‌ఖానా ఉంది, మసీదు మెట్లు ఉన్నాయి, గల్లీ మొగ ఉంది. ఆడవాళ్ళకు ఏముంది? ఆ కాలంలో మా అమ్మీ వంటి వేలమందికి ఇటువంటి తోటే ఉన్నది. ఊళ్ళో ఒక తోట ఉండడం అంటే ఎవరికి ఏమి ఉండడమో చరిత్ర పుస్తకాలలో దొరకదు. అది మన ఇళ్ళలోని ఆడవాళ్ళను అడగాలి.

భోజనాలయ్యాక మగపిల్లలం అబ్బా వెంట తోటలోని షాహీ మసీదుకు పోయేవాళ్ళం. అది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1924లో కట్టించినది. నమాజు అయ్యాక మ్యూజియం. అక్కడి ఈజిప్టు మమ్మీ అంటే మాకు చచ్చేంత భయం, చూడకపోతే మళ్ళీ నిద్రపట్టదు. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దానిని వెయ్యి పౌండ్లకు కొని తెచ్చి ఏడవ నిజాంకు ఇస్తే, ఆయన 1930లో మ్యూజియంకు ఇచ్చేశారని చెబుతారు. రెండువేల ఏళ్ళకు పైబడిన రాజుగారి బిడ్డ అట. మేము కిటకిటలాడుతూ ఒకర్ని ఒకరు ముందుకు తోసుకుంటుంటే, అమ్మీ వెనకనుంచి, "నవ్వకండి. ఆమె కూడా ఎవరింటి బిడ్డో. తన ఊరు వదిలి ఎంత దూరం వచ్చి పడుకున్నదో పాపం" అనేది. మ్యూజియంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

నారుమడి వంటి తోట

పెద్దయ్యాక, పంతులునయ్యాక, ఆ తోట గురించి నాలుగు పుస్తకాలు చదివితే ఒక విషయం తెలిసి ఆశ్చర్యపోయాను. రైతు వరిని ముందు నారుమడిలో పోస్తాడు, మొలిచి ఎదిగాక పీకి పెద్ద పొలంలో నాటుతాడు. బాగ్-ఎ-ఆమ్ హైదరాబాదుకు అటువంటి నారుమడి. ఈ ఊళ్ళో అందరికోసం ఏర్పడిన ఎన్నో సంగతులు మొదట ఇక్కడే మొలిచాయి, తరువాత వేరేచోట పెరిగాయి.

మొదట టౌన్ హాల్ సంగతి చూద్దాం. 1905లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు హిజ్రీ లెక్కన నలభై ఏళ్ళు నిండాయి. ఆ సందర్భానికి గుర్తుగా నగరవాసులు చందాలు పోగుచేసి ఈ భవనం తలపెట్టారు. పునాది రాయి ఆ సంవత్సరమే పడింది. భవనం పూర్తికాకముందే, 1911లో ఆయన కన్నుమూశారు. 1913లో అది పూర్తయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అదే శాసనసభ అయింది. 1985లో పక్కనే కొత్త సభాభవనం వచ్చింది. 2014 నుంచి తెలంగాణ శాసనసభ ఆ ప్రాంగణంలోనే ఉన్నది. జనం చందాలతో లేచిన ఇల్లు జనం ప్రతినిధులకే దక్కిందంటే సంతోషించవలసిన విషయమే. అయితే మన చిన్నపిల్లలు ఆ తెల్లని గుమ్మటాలను రోడ్డు మీదనుంచి చూసి, పోలీసులను చూసి, అది తోటకు సంబంధంలేని వేరే లోకమనుకుంటారు. అది కూడా బాగ్-ఎ-ఆమ్ నేలలో మొలిచినదే అని చెప్పవలసిన బాధ్యత మనది.

రెండవది మ్యూజియం. నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. దాని మొదటి డైరెక్టరు గులాం యజ్దానీ గారు. అజంతా గుహలు అప్పుడు నిజాం రాజ్యంలోనే ఉండేవి. బౌద్ధుల చిత్రాలను కాపాడడానికి, వాటి గురించి లోకానికి చాటడానికి ఆయన చేసిన సేవ పెద్దది. ఆ అజంతా చిత్రాల నకళ్ళు మ్యూజియంలో ఉన్నాయి. 1920లో కట్టిన భవనంలో 1930లో హైదరాబాద్ మ్యూజియం మొదలయింది. ఇప్పుడది తెలంగాణ రాష్ట్ర మ్యూజియం. ఒక ముసల్మాను పండితుడు బుద్ధుని చిత్రాల కోసం జీవితం వెచ్చించాడనే సంగతి మన పిల్లలకు చెప్పామా? నేను మాత్రం నా తరగతిలో ప్రతి ఏడూ చెబుతాను.

మూడవది నుమాయిష్. ఈనాడు జనవరి వస్తే ఊరంతా అటే పోతుంది కదా. అది మొట్టమొదట 1938లో బాగ్-ఎ-ఆమ్‌లోనే జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు కొందరు పూనుకొని పెట్టారు. పేరు 'నుమాయిష్ మస్నూఆత్-ఎ-ముల్కీ', అంటే మన దేశపు వస్తువుల ప్రదర్శన. ఏడవ నిజాం ప్రారంభించారు. రాజ్యం ఆర్థిక పరిస్థితిని సర్వే చేయించాలి, దానికి డబ్బు కావాలి, అందుకు ఈ ప్రదర్శన అని వారి ఆలోచన. 1946లో, సర్ మీర్జా ఇస్మాయిల్ ప్రధానిగా ఉన్న కాలంలో, అది ఇప్పటి నాంపల్లి మైదానానికి మారింది. ఆ రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ నడిపే విద్యాసంస్థల్లో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ కూడా ఉన్నాయి. వాటిలో ఎన్నో ఇళ్ళ ఆడపిల్లలు చదువుకున్నారు. చదువుకున్న కుర్రాళ్ళు నలుగురు కూర్చొని తలపెట్టిన పని ఎంత దూరం పోగలదో చూడండి. మనలాంటి సొసైటీలు దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

పిల్లల కోసం 1966లో జవహర్ బాలభవన్ ఈ తోటలోనే వచ్చింది. మా చిన్న చెల్లె అక్కడ రంగులు వేయడం నేర్చుకున్నది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం కూడా పబ్లిక్ గార్డెన్స్ అనే చిరునామాతోనే మొదలయింది. 2025లో దానికి సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. ఉర్దూ పేరు గల తోట పక్కన తెలుగు విశ్వవిద్యాలయం. నా మట్టుకు నాకు ఇందులో వింత ఏమీ కనిపించదు. నేను ఉర్దూ పంతులును, ఈ వ్యాసం తెలుగులో వ్రాస్తున్నాను. మన సభ్యుల ఇళ్ళలో ఉర్దూ మాట్లాడతారు గాని చదవలేని పిల్లలు ఇప్పుడు ఎక్కువమంది. వాళ్ళకు అందాలంటే ఇదే దారి.

రాణి ఏనుగు

నారుమడిలోంచి పోయినవాటిలో మా అబ్బా ఎప్పుడూ మరువలేనిది జూ. ఆయన చిన్నప్పుడు జంతువులన్నీ బాగ్-ఎ-ఆమ్‌లోనే ఉండేవి. మీర్ ఆలం చెరువు దగ్గర నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరు 6న తెరిచారు. జంతువులు అక్కడికి పోయాయి. అప్పటికి అబ్బాకు పదహారేళ్ళు. "జంతువులు పోయినంక కొన్ని దినాలు తోటకు పోబుద్ధి కాలేదురా, ఆడపిల్లను అత్తారింటికి పంపిన ఇల్లు లెక్క అనిపించింది" అనేవారు.

అలా పోయినవాటిలో రాణి అనే ఆడ ఏనుగు ఉంది. పుట్టింది 1938 అక్టోబరులో, అంటే మొదటి నుమాయిష్ జరిగిన సంవత్సరమే. మేము పిల్లలం కొత్త జూకు పోయినప్పుడు అబ్బా సింహాల దగ్గర కూడా ఆగేవారు కాదు, ముందు రాణి దగ్గరికి తీసుకపోయేవారు. "ఇది మన బాగ్ ఏనుగు. నేను నీ అంత ఉన్నప్పుడు దీనికి చెరుకుముక్క ఇచ్చిన" అని మాకు చూపించేవారు. మేము ప్రతిసారీ, "నిన్ను గుర్తుపట్టిందా అబ్బా?" అని అడిగేవాళ్ళం. "ఎందుకు గుర్తుపట్టదు? నేనేమన్న తక్కువ మనిషినా?" అని నవ్వేవారు.

ఆ రాణి బోనాల ఊరేగింపులోనూ నడిచింది, మొహర్రం ఊరేగింపులోనూ నడిచింది. ఒకే ఏనుగు, రెండు పండుగలు. 2021 జూన్‌లో 83వ ఏట చనిపోయింది. దాని మాదిరిగానే 1963లో బాగ్-ఎ-ఆమ్ నుంచి కొత్త జూకు పోయిన పెద్ద తాబేలు ఒకటి ఉండేది, పేరు చాణక్య. అది కూడా సుమారు 125 ఏళ్ళు బతికి 2024 మార్చిలో చనిపోయింది. రాణి వార్త పేపర్లో వచ్చేనాటికి అబ్బా మంచం పట్టి ఉన్నారు. నేను చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపటికి, "చెరుకు చాలా ఇష్టంగా తినేది" అన్నారు. అంతే.

కర్ఫ్యూ తరువాతి ఆదివారం

ఇంతవరకు మంచి సంగతులు చెప్పాను. ఒక చెడ్డ కాలం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ తోట విలువ నాకు అప్పుడే తెలిసింది. 1990 డిసెంబరులో మన నగరంలో జరిగిన అల్లర్లు పెద్దలందరికీ గుర్తుండే ఉంటాయి. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు, రెండు వైపులా. మా గల్లీలో కర్ఫ్యూ. పాలు లేవు, కూరగాయలు లేవు. రాత్రిళ్ళు మగవాళ్ళు వంతులు వేసుకొని మేలుకునేవారు. నాకు అప్పుడు పదేళ్ళు. రెండు గదుల్లో ఎనిమిదిమందిమి రోజుల తరబడి. తలుపు చప్పుడైతే చాలు, దాదీ తస్‌బీహ్ చేతిలోకి తీసుకునేది.

కర్ఫ్యూ ఎత్తేశాక, పరిస్థితి కొంత కుదుటపడ్డాక, ఒక ఆదివారం అబ్బా, "పదండి, బాగ్‌కు పోదాం" అన్నారు. అమ్మీ వద్దంది. దాదీ వద్దంది. అబ్బా వినలేదు. "పిల్లలు గోడలు చూసి చూసి పిచ్చివాళ్ళవుతున్నారు" అన్నారు. దారి పొడుగునా ఎవరూ మాట్లాడలేదు. తోటలో జనం పలచగా ఉన్నారు. మాకు కొంత దూరంలో ఒక తెలుగు కుటుంబం కూర్చొని ఉంది, తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు, ఒక ముసలాయన. వాళ్ళు మమ్మల్ని చూశారు, మేము వాళ్ళను చూశాం. వాళ్ళ పాప బంతి దొర్లుకుంటూ వచ్చి మా దస్తర్ఖాన్ మీద పడింది. ఆ తల్లి లేచి వచ్చింది, నిలబడింది. బంతి అడగడానికి కూడా ఆమెకు నోరు రాలేదు. చివరికి, "అంతా బాగున్నారా?" అంది.

మా అమ్మీకి తెలుగు అంతంత మాత్రం. 'బాగ్' అనే మాట ఒక్కటే చెవిలో పడింది. "హౌ అమ్మా, బాగ్‌లనే ఉన్నం గద" అంది.

ఆమె ఒక్క నిమిషం తికమకపడింది. తరువాత అర్థమై నవ్వింది. అమ్మీకి ఎందుకు నవ్విందో తెలియక తనూ నవ్వింది. అబ్బా విడమరిచి చెబితే ఇంకా నవ్వింది. ఆ పూట ఆ పాప మా గిన్నెలో అన్నం తిన్నది, వాళ్ళ పల్లీలు మేము తిన్నాం. ముసలాయన, అబ్బా ఏదో మెల్లగా మాట్లాడుకున్నారు. వాళ్ళ బంధువు ఒకరు ఆ గొడవల్లో చనిపోయారని ఇంటికి వచ్చాక అబ్బా చెప్పారు. ఆ తరువాత ఆ కుటుంబాన్ని మేము మళ్ళీ చూడలేదు, పేర్లు కూడా అడగలేదు. "బాగ్‌లనే ఉన్నం" అనే మాట మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తున్నది. ఎవరు క్షేమం అడిగినా అదే జవాబు.

ఈ సంఘటనతో అల్లర్లు ఆగిపోయాయనో, మనసులు మారిపోయాయనో నేను చెప్పను. నేను చెప్పేది ఒకటే. ఆ రోజు వాళ్ళు మా గల్లీకి వచ్చేవారు కాదు, మేము వాళ్ళ గల్లీకి పోయేవాళ్ళం కాదు. ఇద్దరివీ కాని, ఇద్దరివీ అయిన చోటు ఒకటి ఊళ్ళో ఉంది గనుక కలిశాం. 'ఆమ్' అనే మాటకు అర్థం నాకు నిఘంటువులో కాదు, అక్కడ తెలిసింది.

ఇప్పుడు మనం చేయవలసినది

కాలం మారింది. ఊరు పెరిగింది. మనలో చాలామంది మల్లేపల్లి, నాంపల్లి గల్లీలు వదిలి టోలీచౌకికి, అత్తాపూర్‌కు, ఇంకా అవతలికి పోయారు. పిల్లలకు సెలవు వస్తే మాల్‌కు పోదామంటారు. అక్కడ చల్లగా ఉంటుంది, కాదనను. కాని అక్కడ కూర్చోవాలంటే ఏదో ఒకటి కొనాలి. జేబులో డబ్బు లేనివాడు తన భార్యాపిల్లలతో పూటంతా ఎక్కడ కూర్చుంటాడు? ఈ ప్రశ్న సంక్షేమం పేరు పెట్టుకున్న మన సొసైటీ వేసుకోవలసిన ప్రశ్న. మనం స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం, మందులు ఇస్తున్నాం, మంచిదే. పేదవాడికి నీడ పట్టున ఒక పూట కూర్చునే చోటు కూడా అవసరమే. అటువంటి చోటు మన పెద్దలు మనకు ఇచ్చి పోయారు. దానిని వాడుకోకుండా వదిలేస్తే అది మనది కాకుండా పోతుంది. వాడనివాడి హక్కును ఎవరూ గుర్తుపెట్టుకోరు.

అందుచేత సభ్యులకు నా మనవి మూడు మాటల్లో చెబుతాను. ఒకటి, సంవత్సరానికి ఒక్కసారైనా, బాసీ ఈద్ నాడైతే మరీ మంచిది, మన సొసైటీ కుటుంబాలు బాగ్-ఎ-ఆమ్‌లో కలుసుకోవాలి. ఇంటి నుంచి అన్నం కట్టుకొని రావాలి, పక్కవాళ్ళను కూడా పిలవాలి, పోయేటప్పుడు మనం కూర్చున్న చోటు మనమే ఊడ్చి పోవాలి. రెండు, స్కాలర్‌షిప్పు తీసుకునే పిల్లలను మ్యూజియంకు తీసుకపోయి ఎవరు ఏది కట్టారో, ఎందుకు కట్టారో చెప్పాలి. ఆ పని నేను చేస్తాను, ఆదివారాలు నాకు ఖాళీయే.

మూడవది అన్నిటికంటే తొందరైనది. 1963కు ముందు తోటలో జూను చూసినవారికి ఈనాడు డెబ్భై ఏళ్ళు దాటాయి. మొదటి నుమాయిష్ చూసినవారు ఇంచుమించు మన మధ్య లేరు. మా అబ్బా రెండేళ్ళ క్రితం పోయారు. ఆయన చెప్పినవాటిలో నేను పట్టుకోగలిగింది ఇంత, పోయింది ఎంతో. మీ ఇళ్ళలో ఉన్న దాదీలను, నానాలను కూర్చోబెట్టి అడగండి. తోటలో ఎక్కడ ఏ బోను ఉండేదో, ఏమి తినేవారో, ఎవరితో పోయేవారో, ఎవరిని కలిశారో. పాత ఫోటో ఏదైనా ఉంటే వెనుక పేర్లు, సంవత్సరం వ్రాసి పెట్టండి. వారు ఉర్దూలో చెప్పినా, తెలుగులో చెప్పినా తీసుకరండి, వ్రాసిపెట్టే పని నాది. వచ్చే సంవత్సరం సంచికలో ఒక్కరి జ్ఞాపకాలు కాకుండా పదిమంది పెద్దల మాటలు అచ్చు కావాలని నా కోరిక. అందరి తోట గురించి అందరూ చెప్పాలి కదా.